ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు

2014 మే 25న మన పక్క జిల్లా నిజామాబాద్‌లోని పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందినీ, వాళ్ల వెంట వెళ్లిన టూర్ నిర్వాహకుడినీ మింగేసింది. పిల్లలు ఫొటోల కోసం నదిలో తేలిన రాళ్ల మీదికి దిగారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. పారిపోవడానికి నిమిషాలు కూడా మిగల్లేదు. ఈ రెండు తేదీల మధ్యే తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పేపర్లలో పూర్ణ ఫొటో పాతబడకముందే ఈ పిల్లల ఫొటోలు వరసగా పడ్డాయి.

డ్యాం వాళ్లను అందరూ తప్పుపట్టారు. పట్టాల్సిందే. కానీ నది పక్కన బస్సు ఆగగానే "నీళ్లు గింత తక్కువెందుకున్నయి? పైన డ్యాం ఉన్నదా?" అని అడిగే అలవాటున్న మనిషి గుంపులో ఒకరుండాలి. ఆ అలవాటు చదువుకుంటే వచ్చేదే, నేర్చుకుంటే అబ్బేదే. ఆ అలవాటుతో పిల్లలను గుట్టలకూ నదులకూ తీసుకెళ్లే శిక్షకుడి పనినే బతుకుదెరువుగా చేసుకోవాలనుకునే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లల కోసం ఈ అధ్యాయం.

ముందుగా ఒక భ్రమ వదిలించుకుందాం. మంచి పర్వతారోహకుడైతే మంచి శిక్షకుడు అయిపోతాడని చాలామంది అనుకుంటారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు వదిలాడు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కాల్సిందే. తన ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఆయనకుంది. వెంట పన్నెండు మంది పిల్లలున్న మనిషికి ఆ హక్కు లేదు. శిఖరం ఇంకో వంద మీటర్లే ఉన్నా, ఒక పిల్లవాడి మాట తడబడుతుంటే అందరినీ వెనక్కి తిప్పాలి. తిప్పినందుకు చప్పట్లు కొట్టేవాళ్లుండరు. తల్లిదండ్రులు "ఇన్ని పైసలు గట్టినం, పైకి ఎందుకు తీస్కపోలేదు" అని కొట్లాటకు కూడా రావచ్చు.

పూర్ణ కథలోనే చూడండి. అప్పటి సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గురుకుల పిల్లలను కొండలెక్కించాలన్న ఆలోచన చేశారు. శిక్షకుడు శేఖర్‌బాబు బచినేపల్లి భువనగిరి కోట రాతి మీద ఆ పిల్లలకు తాడు పట్టడం నేర్పారు. మొదట వంద మందికి పైగా పిల్లలు. అందులోంచి ఇరవై మంది డార్జిలింగ్‌కు, వాళ్లలో కొందరు లద్దాఖ్‌కు, చివరికి ఇద్దరు ఎవరెస్టుకు. లోకం ఆ ఇద్దరినే గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం మిగతా పిల్లల సంగతే ముఖ్యం. ఎవరిని ఏ మెట్టు దగ్గర ఆపాలి, ఆపిన పిల్ల చిన్నబుచ్చుకోకుండా ఎట్లా చెప్పాలి, అందరినీ కాళ్లూ చేతులూ సరిగ్గా ఉండగానే ఇంటికెట్లా చేర్చాలి అన్నదే శిక్షకుడి అసలు పని.

ఈ వృత్తి పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు, వయసు మళ్లిన నావికులు తట్టుకుని బతుకుతుంటే కుర్రవాళ్లు ముందే చేతులెత్తేస్తున్నారని ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ బాధపడ్డాడు. ఆయన, విద్యావేత్త కర్ట్ హాన్ కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో ఔట్‌వర్డ్ బౌండ్ బడి పెట్టారు. తర్వాత ఆ బడులు అమెరికాకు పాకాయి. పిల్లలు వస్తున్నారు గానీ వాళ్లను అడవిలోకి తీసుకెళ్లగల మనుషులు దొరకడం లేదని అక్కడి శిక్షకుడు పాల్ పెట్జోల్ట్ గమనించాడు. శిక్షకులను తయారుచేయడానికే 1965లో నోల్స్ అనే సంస్థ పెట్టాడు. మన దగ్గర ఇప్పుడున్నదీ అదే కొరత. బడులు క్యాంపులు పెడుతున్నాయి, ఫ్లెక్సీలు కడుతున్నాయి. వెంట వెళ్లేది మాత్రం పీఈటీ సారూ, ఒక బస్సు డ్రైవరూ.

ఇక నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి? హిమాలయాలకు టికెట్టు తీసుకోకముందు, ఊరి గుట్ట దగ్గర.

మన వైపు ప్రమాదాలకు మంచుతో పని లేదు. ఎండ, నీళ్లు, తేనెటీగలు, పాములు, పిడుగు: ఈ ఐదింటినీ చదువుకోని మనిషి ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ నుంచి ఎంత పెద్ద సర్టిఫికెట్టు తెచ్చినా ఇక్కడ పిల్లలను బయటికి తీసుకెళ్లడానికి పనికిరాడు.

నీళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర పిల్లలు ఎక్కువగా పోయేది నీళ్లలోనే. ఎండాకాలం ధర్మపురి దగ్గర గోదావరి చూడండి. రాళ్లు తేలి, ఇసుక పరుచుకుని, మోకాళ్ల లోతు నీళ్లతో అమాయకంగా ఉంటుంది. దాని ఎగువన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. సిరిసిల్ల మానేరుకు ఎగువన నర్మాల, దిగువన మధ్య మానేరు ప్రాజెక్టులు ఉన్నాయి. పైన గేట్లున్న ఏ నది దగ్గరైనా బియాస్ గుర్తుండాలి. దిగేముందు ప్రాజెక్టు సిబ్బందితో మాట్లాడాలి. ఎటు పరుగెత్తి ఎక్కాలో పిల్లలకు చూపించాలి. ఒకరిని ఎగువ వైపు చూస్తూ కూర్చోబెట్టాలి. చెరువులు ఇంకో రకం. పూడిక మట్టి, గుంతలు, నాచు. ఒకడు మునుగుతుంటే ఇంకొకడు దూకి ఇద్దరూ పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? అందుకే నీళ్లలో పడినవాడిని కాపాడటానికి ఒక వరస ఉంది. ముందు ఒడ్డున పడుకుని కర్రో చున్నీయో చీరకొంగో అందించాలి. అందకపోతే తాడు గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా గానీ విసరాలి. దూకడం ఆఖరి మాట, అదీ ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లకే. వ్యవసాయ బావిలో చిన్నప్పుడు ఈత నేర్చినవాళ్లు మనలో చాలామంది. తాను ఈదగలగడం, కంగారులో మెడ పట్టుకునే మనిషిని ఒడ్డుకు తేగలగడం ఒకటి కావు. రెండోది విడిగా నేర్చుకోవాలి.

ఎండ సంగతి: మన గుట్టలు చాలావరకు నల్లసేనపు రాళ్లు. పొద్దున చల్లగా ఉన్న రాయి పది గంటలకే కాలుతుంది, సాయంత్రం దాకా ఆ వేడిని వదలదు. మార్చి దాటితే తాళ్ల పని పొద్దున తొమ్మిదిన్నరకు ముగించేయాలని నా పట్టుదల. వడదెబ్బను గుర్తుపట్టేది చెమటను చూసి కాదు, మాటను చూసి. పేరు అడిగితే పిల్లవాడు తిక్కతిక్కగా జవాబిస్తున్నాడంటే ఆస్పత్రి దారి పట్టడానికి ముందే వాడిని నీడకు చేర్చి, బట్టలు తడిపి, గాలి విసురుతూ ఒంటిని చల్లబరచడం మొదలుపెట్టాలి. సోయిలో లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

పెద్ద రాతి చరియలకు కొండ తేనెపట్టు ఉంటుంది. తాడుకు వేలాడుతున్న మనిషి మీద ఈగలు లేస్తే పారిపోవడానికి దారి ఉండదు, దానంత ఘోరం ఇంకొకటి లేదు. ముందు రోజే వెళ్లి చరియ అంతా కళ్లతో వెతకాలి. అంతకన్నా మంచి పని, అక్కడ గొర్లు కాసే మనిషిని అడగడం. ఏ సందులో పట్టు ఉంది, ఏ బండ కింద పాము తిరుగుతుంది, ఏ బాట వానకు జారుతుంది, ఇవన్నీ ఆయనకు తెలుసు. "కాకా, ఈ గుట్ట మీద ఈగలున్నయానే?" అని అడగడానికి నామోషీ పడేవాళ్లు ఈ పనికి రావద్దు.

పాముల గురించి మన వైపు మూఢనమ్మకాలు ఎక్కువ కాబట్టి కొంచెం సూటిగా చెబుతాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర: మన దేశంలో పాముకాటు చావులకు చాలావరకు కారణం ఈ నాలుగే. మన ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసింది. అంటే ఏ పాము కరిచిందో తేల్చుకోవడానికి దాన్ని వెతికి చంపాల్సిన పని లేదు. కోయకూడదు, పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, పసరు పోయకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్రలతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లాలి. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి కూడా సరిగ్గా తెలియదు. పొద్దునకు కనురెప్పలు వాలిపోతుంటాయి. అందుకే క్యాంపులో గుడారం జిప్పు వేయించడం, రాత్రి ఒంటేలుకు లేచినవాళ్ల చేతిలో టార్చి ఉండేలా చూడటం శిక్షకుడి పనే. ఇంకో మాట: ఏ ఆస్పత్రిలో ఆ మందు ఉందో క్యాంపుకు ముందు రోజు ఫోను చేసి కనుక్కుని, 108 రాగలిగే చోటు దాకా దారి నడిచి చూసి రావాలి.

పిడుగుకు ఎక్కువ చెప్పను. ఉరుము వినపడిందంటే గుట్ట పై నుంచి దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

ఇవన్నీ పుస్తకంలో చదివి పరీక్ష రాయొచ్చు. అసలు కష్టం వీటన్నింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని పిల్లలతో నవ్వుతూ ఉండగలగడం. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే అన్నలను చూడండి. చుట్టూ చెవులు పగిలే చప్పుడు. ఒకాయన ఒక్కడే అన్ని సాంచాల మధ్య తిరుగుతుంటాడు, పక్కాయనతో ముచ్చట పెడుతుంటాడు. వెనక ఎక్కడో ఒక సాంచా చప్పుడు కాస్త మారిందంటే చటుక్కున తిరుగుతాడు. గుంపును నడిపించేవాడి చెవీ అట్లా తయారవ్వాలి. ఎప్పుడూ వాగే పిల్ల పావుగంట నుంచి మాట్లాడటం లేదు, ఎందుకు? వెనక వరసలో నవ్వులు ఆగిపోయాయి, ఎందుకు? ఒకడు నీళ్ల సీసా తీయనే లేదు, ఎందుకు?

చేతికీ ఒక అలవాటు కావాలి. పిల్ల రాయి ఎక్కేముందు శిక్షకుడు చేసే తనిఖీని దగ్గరి నుంచి గమనించండి. ఒంటికి కట్టే హార్నెస్ నడుం పట్టీ తుంటి ఎముకకు పైన ఉందా, బకిల్ వెనక్కి మడిచి వేశారా చూస్తాడు. ఎనిమిది అంకె ముడిలో రెండేసి తాళ్లు ఒకదాని పక్కన ఒకటి మెలిపడకుండా ఉన్నాయా, చివర జానెడు తోక మిగిలిందా చూస్తాడు. తాడు తగిలించే కొక్కెం, అంటే కారాబైనర్, మర బిగించాక దాని నోటిని వేళ్లతో నొక్కి చూస్తాడు, ఎందుకంటే కళ్లకు బిగిసినట్టు కనపడే మర బిగియకుండా ఉండవచ్చు. హెల్మెట్ పట్టీ. తర్వాత కింద తాడు పట్టుకున్నవాడి దగ్గరికి వెళ్లి మళ్లీ ఇదంతా. నలభయ్యో పిల్లకు కూడా మొదటి పిల్లకు చేసినట్టే చేస్తాడు. విసుగొచ్చి ఒక్కటి వదిలేసేవాడి చేతికి తాడు ఇవ్వకూడదు. తాళ్లలోనూ తేడా తెలియాలి. ఎక్కేటప్పుడు వాడేది సాగే డైనమిక్ తాడు, పడితే కుదుపును తీసుకుంటుంది. దిగడానికి వాడే స్టాటిక్ తాడు పెద్దగా సాగదు. దాన్ని ఎక్కడానికి వాడితే పడినవాడి నడుం విరగవచ్చు. రేటు తక్కువని బజారులో దొరికే నైలాను తాడుతో పిల్లలను దించే క్యాంపులు ఇప్పటికీ ఉన్నాయి. అవి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక హిమాలయాల చదువు. మన దేశంలో ఈ వృత్తికి రాజమార్గం ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలే. ఎవరెస్టు ఎక్కిన ఏడాది తర్వాత, 1954లో, టెన్సింగ్ నార్గే మొదటి శిక్షణ డైరెక్టరుగా డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. మనాలి, పహల్గాం, అరుణాచల్‌లోని దిరాంగ్‌లలో మరికొన్ని ఉన్నాయి. మొదటి మెట్టు బేసిక్ కోర్సు, దాదాపు నాలుగు వారాలు. అందులో 'ఎ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు అర్హత. అడ్వాన్స్‌లోనూ 'ఎ' తెచ్చుకున్నవాళ్లకు మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ కోర్సు, అంటే ఎట్లా నేర్పాలో నేర్పే చదువు. వెతకడం, రక్షించడం మీద ఇంకో కోర్సు ఉంది. చాలామంది బేసిక్ పూర్తిచేసి, ఫేస్‌బుక్‌లో సర్టిఫికెట్టు పెట్టి, మరుసటి నెల నుంచి 'ఇన్‌స్ట్రక్టర్' అయిపోతారు. మీరు ఆ పని చేయొద్దు. బేసిక్ మిమ్మల్ని మంచి విద్యార్థిని చేస్తుంది, అంతే.

సీట్లు చాలా నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే దరఖాస్తు పెట్టండి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే తప్పకుండా చేరండి, కేడెట్లకు ఈ సంస్థల్లో వేరే అవకాశం ఉంటుంది. ఒంటి తయారీకి కొండగట్టు చాలు. పొద్దున ఐదింటికి వీపున పదిహేను కిలోల బరువుతో మెట్లెక్కి దిగండి. కోతులకు భయపడి సంచి వదిలేయకండి. అయితే కింద ఎంత గట్టిపడినా ఎత్తుకు శరీరం అలవాటు కావడం వేరే సంగతి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు మూడు నుంచి ఐదు వందల మీటర్ల కంటే పెంచకూడదని అక్కడ నేర్పుతారు. మన కబడ్డీ ఆటగాళ్లు, పరుగు పందెంగాళ్లే అక్కడ ముందు తలనొప్పితో కూలబడుతుంటారు, ఆవేశంగా నడుస్తారు కాబట్టి.

శిక్షకులైతే ప్రమాదం దగ్గరికి రాదనుకోకండి. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్ బృందాన్ని హిమపాతం ముంచెత్తింది. విద్యార్థులు, శిక్షకులు కలిపి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో సవితా కన్స్వాల్ ఒకరు. ఆ ఏడాది మే నెలలోనే పదహారు రోజుల తేడాతో ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కిన మనిషి. ఈ సంగతి ఇంట్లో దాచిపెట్టి దరఖాస్తు చేయకండి. తెలిసి ఒప్పుకున్నదే ఒప్పుకోలు.

కొండలతో సమానంగా ప్రథమ చికిత్స చదవాలి. ఒక రోజు శిక్షణ చాలదు. వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అనే కోర్సు దాదాపు డెబ్బై, ఎనభై గంటలు ఉంటుంది. ఆస్పత్రికి గంటల దూరంలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నది అందులో నేర్పుతారు. మసూరీ వుడ్‌స్టాక్ స్కూలు హనిఫ్ల్ సెంటర్ లాంటి చోట్ల జరుగుతుంది. ఖర్చు ఎక్కువే. నన్నడిగితే ఖరీదైన బూట్లు, గడియారాలు మానేసి ఆ డబ్బు దీనికి పెట్టాలి.

ఆడపిల్లలకు ఒక మాట. గురుకులాల నుంచి, కస్తూర్బా బడుల నుంచి క్యాంపులకొచ్చే పిల్లల్లో ఆడపిల్లలు ఎక్కువ, నేర్పే ఆడవాళ్లు తక్కువ. నెలసరి వచ్చిన పిల్ల మగ సారుకు చెప్పలేక నీళ్లు తాగడం మానేస్తుంది, ఎండకు పడిపోతుంది. మీరుంటే ఆ పిల్ల పడిపోదు. మీకు పని దొరకడం కూడా మగవాళ్ల కంటే తేలిక.

ఇంట్లో అడిగే ప్రశ్న మనందరికీ తెలిసిందే. "గుట్టలెక్కితె ఎవలు పైసలిస్తర్రా? గా పిలగాని లెక్క దుబాయ్ పోరాదూ!" కోరుట్లలో బీడీలు చుట్టి కొడుకును చదివించిన తల్లి ఆ మాట అంటే అందులో తప్పేమీ లేదు, జవాబు మన దగ్గర ఉండాలి. నిజం చెప్పండి. మొదటి ఒకటి రెండేళ్లు తిండి, దారి ఖర్చులు, రోజుకింత కూలీ. పని ఏడాది పొడుగునా ఉండదు. మన దగ్గర బడి క్యాంపులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో హిమాలయాల ట్రెక్కులు. వానాకాలం ఖాళీ, అప్పుడు ఇంకో పని చేతిలో ఉండాలి. ఆ లెక్క కాగితం మీద రాసి చూపించండి. బేసిక్ కోర్సుకయ్యే ఖర్చు, గల్ఫ్ వీసాకు ఏజెంటు అడిగేదాంట్లో చిన్న భాగమని కూడా రాయండి.

తాతలకు ఇంకో భయం ఉంటుంది, బయటికి చెప్పరు. 1978లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి ఇరవై, ముప్పై ఏళ్ల నక్సలైట్ల కాలం చూసినవాళ్లకు, మనవడు సంచి వేసుకుని అడవిబాట పడతానంటే గుండె జారుతుంది. దాన్ని నవ్వి కొట్టేయకండి. ఎక్కడికి పోతున్నాం, ఎవరెవరం, ఎన్నింటికి తిరిగొస్తాం, రాకపోతే ఎవరికి ఫోను చేయాలి అని రాసిన కాగితం ఇంట్లో ఒకటి, ఫారెస్టు ఆఫీసులో ఒకటి ఇచ్చి వెళ్లండి. ఇంట్లోవాళ్ల నెమ్మది కోసం మొదలుపెట్టిన ఈ పని, రేపు మీ వృత్తిలో మొదటి నియమం అవుతుంది. అటవీ భూమిలో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. గోదావరి అవతల కవ్వాల్ పులుల అభయారణ్యంలోనైతే ఇష్టమొచ్చినట్టు నడవడం నేరం.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వెళ్లిన ప్రతి చోటు, వాతావరణం, ఎంతమంది, మీ బాధ్యత ఏమిటి, ఎక్కడ ఎందుకు వెనక్కి తిరిగారు రాయండి. మంచి సంస్థలు ఉద్యోగానికి పిలిచినప్పుడు శిఖరాల జాబితా కంటే ఆ వెనక్కి తిరిగిన పేజీలనే శ్రద్ధగా చదువుతాయి.

ఇట్లా ఒకటి రెండేళ్లు తిరిగాక ఏదో ఒక క్యాంపు నిర్వాహకుడు ఫోను చేస్తాడు: "తమ్మీ, అరవై మంది పిల్లలున్నరు, ఆదివారం వస్తవా?" సంతోషంతో వెంటనే సరే అనకండి. అరవై మందికి శిక్షకులు ఎంతమంది? తాళ్లు ఎప్పుడు కొన్నవి? దగ్గరి ఆస్పత్రి ఏది, అక్కడికి బండి ఉంటుందా? వాన పడినా ఎండ ముదిరినా ఆపేద్దామని నేనంటే ఆపుతారా? కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు విడుదల చేసింది, అవి చదివారా? "అవన్నీ చూస్కుందాం తియ్, నువ్వైతే రా" అని జవాబొస్తే ఆ ఆదివారం ఇంట్లోనే ఉండండి. కూలీ పోతుందని బాధపడకండి. ఫిబ్రవరి దాకా బడులకు మనుషులు దొరకరు, ఇంకో ఫోను వస్తుంది.